ఇంకొక్క ఓవరు వెయ్యాలా?

పిల్లలూ! ఒక సంగతి ఊహించుకోండి.

ఆదివారం ఉదయం. సికింద్రాబాదు పరేడ్ మైదానంలో మీ జట్టు క్రికెట్ ఆడుతున్నది. పక్కనే ఇంకా నాలుగు జట్లు ఆడుతున్నాయి. ఒకరి బంతి వెళ్ళి మరొకరి ఆటలో పడుతున్నది. ఎదుటి జట్టు గెలవాలంటే ఇంకా 12 పరుగులు కావాలి. వాళ్ళకు మిగిలినవి రెండే వికెట్లు. మీ కెప్టెను బంతి తెచ్చి మీ చేతిలో పెట్టాడు. ఇందాకటి ఓవరులో మీ నడుము ఎడమ పక్కన కలుక్కుమన్నది. ఆ సంగతి మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఏం చేస్తారు? బంతి వేస్తారా? "నేను వెయ్యలేను" అని తిరిగి ఇచ్చేస్తారా?

"ఇదీ ఒక ప్రశ్నేనా మాష్టారూ? వెయ్యవలసిందే!" అని మీలో చాలామంది అంటారు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపిల్లల మధ్యనే గడిపినవాణ్ణి గనక ఆ మాట నాకు కొత్త కాదు. మీరు అట్లా అనడానికి కారణం కూడా నాకు తెలుసు. దెబ్బ తగిలినా ఆడిన వీరుల కథలు మీరు విని ఉన్నారు. ఆ కథలంటే నాకూ ఇష్టమే. ముందు వాటినే చెప్పుకుందాం. అయితే ఒక షరతు: చివరిదాకా చెప్పుకోవాలి. సగంలో ఆపరాదు.

విరిగిన కాలి వేలు

మొదటి కథ మన ఊరివాడిదే. శివలాల్ యాదవ్ 1957లో హైదరాబాదులో పుట్టాడు. ఆఫ్‌స్పిన్ బౌలింగులో పేరు పొందాడు. మన దేశం తరఫున 35 టెస్టులు ఆడి 102 వికెట్లు తీశాడు.

1981 ఫిబ్రవరిలో మన జట్టు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో టెస్టు ఆడుతున్నది. యాదవ్ బ్యాటింగు చేస్తూ ఉండగా లెన్ పాస్కో అనే ఫాస్ట్ బౌలరు వేసిన బంతి తిన్నగా వచ్చి కాలి వేళ్ళ మీద పడింది. వేలి ఎముక విరిగింది. స్పిన్ బౌలరు బంతి వేసేటప్పుడు శరీరమంతా పాదం మీదే తిరుగుతుంది. ప్రతి బంతికీ ఆ వేలు ఎంత సలిపి ఉంటుందో మీరే ఆలోచించండి. అయినా యాదవ్ ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్సులో బౌలింగు చేశాడు. రెండు వికెట్లు కూడా తీశాడు.

చాలామంది ఈ కథను ఇక్కడే ఆపేస్తారు. తరువాతి భాగం వినండి. రెండో ఇన్నింగ్సులో యాదవ్ బ్యాటింగుకు రాలేదు, బౌలింగూ చెయ్యలేదు. ఆ కాలు ఇక ఒప్పుకోలేదు. ఆస్ట్రేలియా గెలవడానికి 143 పరుగులు చాలు. కపిల్‌దేవ్ తొడ కండరం పట్టేసి, నాలుగో రోజు సాయంత్రం మైదానంలోకే రాలేదు. దిలీప్ దోషీకి పాదంలో ఎముక చిట్లింది.

అయిదో రోజు కపిల్‌దేవ్ నొప్పి తెలియకుండా ఇంజక్షను తీసుకుని వచ్చాడు. 28 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. దోషీ 2, కర్సన్ ఘావ్రీ 2 వికెట్లు తీశారు. ఒకడు రనవుట్ అయినాడు. ఆస్ట్రేలియా 83 పరుగులకే కుప్పకూలింది. మనం 59 పరుగుల తేడాతో గెలిచాం.

చూశారా! యాదవ్ బంతి వేసినప్పుడు జట్టుకు మేలు జరిగింది. ఆయన వెయ్యలేక కూర్చున్నప్పుడు మిగిలినవాళ్ళు ఆ భారం మోశారు. పదకొండుమంది ఎందుకంటే అందుకే గదా!

విరిగిన దవడ

రెండో కథ బెంగుళూరుకు చెందిన అనిల్ కుంబ్లేది. 2002 మే నెలలో వెస్టిండీసులోని ఆంటిగ్వా ద్వీపంలో టెస్టు జరిగింది. కుంబ్లే బ్యాటింగు చేస్తూ ఉంటే మెర్విన్ డిల్లన్ వేసిన బౌన్సరు దవడకు తగిలింది. దవడ ఎముక విరిగింది. తల చుట్టూ గడ్డం కింది దాకా గుడ్డ కట్టుకుని కుంబ్లే మళ్ళీ మైదానంలోకి వచ్చాడు. 14 ఓవర్లు వేశాడు. బ్రయాన్ లారా అంతటివాణ్ణి ఎల్బీడబ్ల్యూ చేశాడు.

ఈ కథకు కూడా తరువాతి భాగం ఉన్నది. మర్నాడే కుంబ్లే విమానం ఎక్కి, దవడకు ఆపరేషను చేయించుకోవడానికి బెంగుళూరు వెళ్ళిపోయాడు. ఆ టెస్టులో మన హైదరాబాదు లక్ష్మణ్ 130 పరుగులు చేశాడు. ఇంకో వింత కూడా జరిగింది. మన జట్టులోని పదకొండుమందీ, వికెట్ కీపరుతో సహా, ఆ ఆటలో బౌలింగు చేశారు. ఆట ఎవరూ గెలవకుండా ముగిసింది.

ఇప్పుడు ఈ కథల్లో దాగి ఉన్న విషయాలు ఒక్కొక్కటే బయటికి తీద్దాం.

మొదటిది: వీళ్ళంతా పెద్దవాళ్ళు. అందరిలో చిన్నవాడైన కపిల్‌దేవ్‌కే అప్పటికి 22 ఏళ్ళు. రెండవది: ఎవరూ దెబ్బను దాచలేదు. దెబ్బ ఏదో, ఎక్కడో కెప్టెనుకూ తెలుసు, జట్టుకూ తెలుసు. తెలిసి నిర్ణయం చేసుకున్నారు. మూడవది: కుంబ్లే విరిగిన దవడతో ఆడాడు గాని, బంతి వేసేది దవడతో కాదు గదా! భుజం, నడుము, మోకాలు బాగానే ఉన్నాయి. నాలుగవది: పని కాగానే వైద్యానికి వెళ్ళాడు. "వచ్చే వారం చూద్దాంలే" అనుకోలేదు.

అయినా అది ప్రమాదం లేని పని కాదు. ఇంజక్షను నొప్పిని మాత్రమే ఆపుతుంది. తెగిన కండరం తెగినట్టే ఉంటుంది. ఇంట్లో నిప్పంటుకుని గంట మోగుతూ ఉంటే గంటను కట్టేసినంత మాత్రాన నిప్పు ఆరుతుందా? నొప్పి అటువంటి గంట. పెద్దవాళ్ళు డాక్టరును పక్కన పెట్టుకుని చేసిన పనిని మీరు మందుల దుకాణంలో బిళ్ళ కొనుక్కుని చెయ్యబూనరాదు.

ఎముక ఎందుకు చిట్లుతుంది?

ఒక ఇనప తీగెను తీసుకుని అటూ ఇటూ వంచండి. మొదటిసారి ఏమీ కాదు. పదోసారీ ఏమీ కాదు. వంచుతూనే ఉంటే ఒకసారి పుటుక్కున తెగుతుంది. తెగడానికి కారణం ఆ చివరిసారి వంచడం ఒక్కటే కాదు, అన్నిసార్లూ కలిసి తెంచాయన్నమాట.

ఫాస్ట్ బౌలరు పరుగెత్తుకుంటూ వచ్చి ముందుకాలు నేల మీద మోపినప్పుడు ఆ కాలి మీద పడే బలాన్ని శాస్త్రజ్ఞులు కొలిచారు. అది మనిషి బరువుకు అయిదారు రెట్లు దాకా ఉంటుంది. 40 కిలోల కుర్రవాడి కాలి మీద రెండు క్వింటాళ్ళ బరువు పడినట్టు! అదే క్షణంలో నడుము వెనక్కు వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. ఆరు ఓవర్లు వేస్తే ఇది 36 సార్లు జరుగుతుంది. ఉదయం నెట్స్‌లో వేసినవీ, సాయంత్రం గల్లీలో వేసినవీ కలిపి మీరే లెక్క కట్టుకోండి.

మరి అందరి నడుములూ ఎందుకు విరగవు? ఎందుకంటే ఎముక తీగె లాంటి జడవస్తువు కాదు. దానికి ప్రాణం ఉన్నది. ఎముకలో రెండు రకాల పనివాళ్ళ లాంటి కణాలున్నాయి. ఒక రకం కణాలు దెబ్బతిన్న పాత ఎముకను తొలిచివేస్తాయి. రెండో రకం కణాలు ఆ చోట కొత్త ఎముకను కడతాయి. పాత గోడ పడగొట్టి కొత్త గోడ కట్టినట్టే. అయితే పడగొట్టడానికి రెండు మూడు వారాలు చాలు. కట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఎముక బలహీనంగా ఉంటుంది. అప్పుడు కూడా రోజూ బరువు వేస్తూ పోతే సన్నని చీలిక ఏర్పడుతుంది.

ఫాస్ట్ బౌలర్లకు ఈ చీలిక ఎక్కువగా నడుము దగ్గరి వెన్నుపూసల వెనక భాగంలో వస్తుంది. కుడిచేతితో వేసేవాళ్ళకు సాధారణంగా ఎడమ పక్కన, ఎడమచేతితో వేసేవాళ్ళకు కుడి పక్కన వస్తుంది. మొదట్లో ఇది మామూలు ఎక్స్‌రేలో తరచు కనిపించదు. ఎమ్మారై స్కానింగులో తెలుస్తుంది. అందుకని "ఎక్స్‌రేలో ఏమీ లేదు గదా, బడికి ఎగనామం పెట్టడానికి సాకులు చెబుతున్నాడు" అని పిల్లవాణ్ణి కోప్పడటం తొందరపాటు.

మీ వయసులో ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మీ ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. పొడుగాటి ఎముకల చివర్ల దగ్గర మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. వెన్నుపూసలు పూర్తిగా గట్టిపడేసరికి పాతికేళ్ళు వస్తాయి. కపిల్‌దేవ్ తొడ వేరు, మీ నడుము వేరు అనేది ఇందుకే.

ఆగి గెలిచినవాళ్ళు

దెబ్బతో ఆడినవాళ్ళ కథలు నలుగురూ చెబుతారు. ఆగినవాళ్ళ కథలు ఎవరూ చెప్పరు. నేను చెబుతాను.

ఆస్ట్రేలియాకు డెన్నిస్ లిల్లీ అనే భయంకరమైన ఫాస్ట్ బౌలరు ఉండేవాడు. మెల్‌బోర్న్ కథలో మనవాళ్ళకు ఎదురుగా బంతి వేసినవాళ్ళలో ఆయన కూడా ఒకడు. 1973లో వెస్టిండీసు వెళ్ళినప్పుడు ఆయన నడుములో చీలికలున్నట్టు తేలింది. నడుముకు పిండికట్టు వేశారు. ఏడాదికి పైగా టెస్టులకు దూరంగా ఉండి, ఓపికగా వ్యాయామం చేసి, బంతి వేసే పద్ధతిని కూడా మార్చుకుని 1974 చివర మళ్ళీ వచ్చాడు. ఆయన తన జీవితంలో తీసిన టెస్టు వికెట్లు 355. వాటిలో చాలా ఎక్కువ భాగం ఆ విశ్రాంతి తరువాత తీసినవే! అప్పుడు ఆగకపోతే ఆ వికెట్లు ఉండేవి కావు. 1981లో మెల్‌బోర్న్‌లో మనవాళ్ళకు అంత కష్టమూ ఉండేది కాదు!

ఇక మీరందరూ ఎరిగిన సంగతి. 2025 జనవరిలో సిడ్నీ టెస్టులో జస్‌ప్రీత్ బుమ్రాకు నడుము నొప్పి వచ్చింది. ఆయన ఆట మధ్యలోనే స్కానింగుకు వెళ్ళాడు. ఆ టెస్టుల వరసలో 32 వికెట్లు తీసిన బౌలరు చివరి ఇన్నింగ్సులో ఒక్క బంతి కూడా వెయ్యలేదు. ఆస్ట్రేలియా 162 పరుగులు చేసి గెలిచింది. ఓటమి బాధ కలిగించేదే. కాని అంతకు ముందు 2023లో ఆయన నడుముకు ఆపరేషను జరిగి ఉన్నది. అటువంటి నడుముతో పందెం వెయ్యకపోవడమే తెలివి. చాంపియన్స్ ట్రోఫీలో కూడా ఆయన ఆడలేదు. అయినా మార్చిలో మన జట్టు ఆ ట్రోఫీ గెలిచింది. ఏప్రిల్‌లో బుమ్రా మళ్ళీ బంతి పట్టుకున్నాడు.

అదే సంవత్సరం ఇంగ్లండులో అయిదు టెస్టులు జరిగాయి. బుమ్రా మూడింటిలోనే ఆడాడు. ఆయన ఆడని రెండు టెస్టులనూ మనం గెలిచాం! ఆ అయిదింటిలోనూ ఆడినవాడు మన హైదరాబాదు మహమ్మద్ సిరాజ్. ఆటో నడిపిన తండ్రికి కొడుకు. 23 వికెట్లు తీశాడు. ఆగస్టు 4న ఓవల్ మైదానంలో చివరి వికెట్టు ఆయనదే; మనం 6 పరుగుల తేడాతో గట్టెక్కాం. ఒంట్లో బలం ఉన్నవాడు వేశాడు. నడుము కాపాడుకోవలసినవాడు ఆగాడు. ఇద్దరూ చేసింది జట్టు పనే.

నేను చేసిన తప్పు

ఇప్పుడు ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. చెప్పడం నాకు కొంచెం కష్టంగానే ఉన్నది.

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. నేను సికింద్రాబాదులోనే ఒక బడిలో లెక్కలు చెబుతూ, ఆటల వ్యవహారం కూడా చూస్తూ ఉండేవాణ్ణి. మా జట్టులో పదిహేనేళ్ళ కుర్రవాడు ఒకడు ఉండేవాడు. బక్కగా, పొడుగ్గా ఉండి మంచి వేగంతో బంతి వేసేవాడు. బడుల మధ్య జరిగే పోటీలో మేము చివరి ఆటకు చేరుకున్నాం. వాడు అప్పటికే ఎనిమిది ఓవర్లు వేసి ఉన్నాడు. గట్టు దగ్గర నిలబడి ఎడమ చేత్తో నడుము నొక్కుకుంటున్నాడు.

"ఏమిరా?" అన్నాను.

"ఏం లేదు సార్. జర నడుము నొస్తున్నది," అన్నాడు.

"ఇంకో రెండు ఓవర్లు వెయ్యగలవా?"

వాడు నా ముఖం వైపు చూశాడు. "వేస్తా సార్," అన్నాడు.

వేశాడు. ఆట గెలిచాం. కప్పుతో ఫొటో దిగాం. ఆ ఫొటోలో వాడు ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉన్నాడు. ఆ రోజు అది నా కంటికి ఆనలేదు.

సోమవారం వాడు బడికి వచ్చాడు గాని, వంగి సంచి తీసుకోలేకపోయాడు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. నొప్పి తగ్గలేదు. కొన్ని వారాల తరువాత పెద్ద స్కానింగు తీస్తే వెన్నుపూసలో చీలిక బయటపడింది. ఆరు నెలలు ఆట లేదు. తరువాత వాడు మళ్ళీ ఆడాడు గాని, ఆ వేగం తిరిగి రాలేదు.

"వెయ్యగలవా?" అని నేను అడిగినప్పుడు వాడు తన నడుమును అడిగి జవాబు చెప్పలేదు. నా ముఖం చూసి, నాకు ఏ జవాబు కావాలో అదే చెప్పాడు. పదిహేనేళ్ళవాడు ఇంకేం చెబుతాడు? ప్రశ్న అడిగినవాడే తప్పు చేశాడు.

చాలా ఏళ్ళకు వాడు నన్ను జింఖానా మైదానం దగ్గర కలిశాడు. చేయి పట్టుకుని కొడుకు నిలబడి ఉన్నాడు. ఆ రోజు సంగతి నేనే ఎత్తాను. వాడు నవ్వి, "ఆ దినం మీరు వద్దంటే నేను ఏడ్చేటోణ్ణి సార్. కాని ఆగేటోణ్ణి," అన్నాడు.

అప్పటినుంచీ నేను ఏ పిల్లవాణ్ణీ "వెయ్యగలవా?" అని అడగలేదు. "ఎక్కడ నొప్పి? ఎప్పటినుంచి? చూపించు," అని అడిగాను.

ఎట్లా తేల్చుకోవాలి?

ప్రతి నొప్పికీ ఆట మానుకుంటే ఎవరూ ఆడలేరు. ఏ నొప్పి ఎటువంటిదో గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

బాగా ఆడిన మర్నాడు ఒళ్ళంతా పట్టేసినట్టు ఉంటుంది. రెండు కాళ్ళూ, రెండు భుజాలూ బరువెక్కినట్టు ఉంటాయి. కొంచెం నడిస్తే తేలికపడుతుంది. రెండు రోజుల్లో పోతుంది. ఇది అలసట. దీనికి భయపడనక్కరలేదు.

ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగేటట్టు నొప్పి ఉంటే జాగ్రత్తపడండి. బంతి వేసినకొద్దీ అది పెరుగుతున్నా, ఒక్కసారిగా కలుక్కుమన్నా, వాపు వచ్చినా, రాత్రి నిద్రలో మెలకువ తెప్పించినా, కాలికి తిమ్మిరి పాకినా, నొప్పి వల్ల మీరు బంతి వేసే తీరే మారిపోయినా, అది దెబ్బ. వెంటనే ఆపాలి. ఆ రోజు మళ్ళీ వెయ్యరాదు. అమ్మకో నాన్నకో చెప్పాలి. డాక్టరుకు చూపించాలి. తలకు దెబ్బ తగిలితే, నొప్పి లేకపోయినా, ఆట అక్కడితో ఆపవలసిందే.

దెబ్బ రాకుండా చూసుకోవడం ఇంకా మంచిది. పిల్లలు ఫాస్ట్ బౌలింగు చేసేటప్పుడు ఎన్ని ఓవర్లు మించరాదో ఇంగ్లండు క్రికెట్ బోర్డు ఒక లెక్క పెట్టింది. 13 ఏళ్ళ లోపు జట్లవారు ఒక విడతలో 5 ఓవర్లు, రోజు మొత్తం మీద 10. 14, 15 ఏళ్ళ జట్లవారు విడతకు 6, రోజుకు 12. 16 నుంచి 19 దాకా విడతకు 7, రోజుకు 18. వారంలో నాలుగు రోజులకు మించి గాని, వరసగా రెండు రోజులకు మించి గాని బంతి వెయ్యరాదు. మీ లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో ఏ రోజు ఎన్ని ఓవర్లు వేశారో రాసుకోండి. నెట్స్‌లో వేసినవి కూడా కలపాలి సుమా!

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి "గెలిచారా?" అని అడిగే ముందు "ఒంట్లో ఎట్లా ఉంది?" అని అడగండి. నొప్పి అని చెప్పినవాణ్ణి పిరికివాడనకండి. ఒకసారి అట్లా అంటే వాడు మళ్ళీ చెప్పడు.

ఇక పరేడ్ మైదానానికి తిరిగి వెళదాం. బంతి మీ చేతిలోనే ఉన్నది. అందరూ మిమ్మల్నే చూస్తున్నారు. ఎడమ పక్కన ఒకే చోట పొడుస్తున్నది. కెప్టెను దగ్గరికి వెళ్ళి, "అన్నా, ఇక్కడ నొప్పి పుడుతున్నది. నేను వెయ్యను. కవరులో నిలబడి క్యాచీలు చూస్తాను," అనబోతారు. ఆగండి! పరుగెత్తి వంగడం కూడా ఆ నడుముకు మంచిది కాదు. బంతి ఇచ్చేసి గట్టు మీదికి వచ్చి కూర్చోండి. మీ జట్టు ఓడిపోతే ఓడిపోవచ్చు. ఎవరో ఒకరు గొణుగుతారు కూడా.

వచ్చే ఆదివారమూ ఆట ఉంటుంది. దానికి మీ నడుము కావాలి.